తేనెయు గాయములును

గడచిన వర్షకాలమున తొమ్మిదవ తరగతిలో సూక్ష్మజీవులను గూర్చిన పాఠము జరుగుచుండగా ఒక బాలిక లేచి మమ్ము ఇట్లడిగెను: "మాస్టరుగారూ, చేయి కాలినప్పుడు మా నాయనమ్మ తేనె రాయును. తీపి యున్నచోట చీమలు పట్టును గదా! పుండునకు తీపి పూసినయెడల క్రిములు మరింత పెరుగవా?" తరగతిలోని పిల్లలు నవ్విరి గాని మాకు నవ్వు రాలేదు. బడిలో విన్నదానిని ఇంట చూచినదానితో సరిపోల్చి, ఆ రెండును పొసగనప్పుడు ఊరకుండక ప్రశ్నించుటయే విద్యకు తొలిమెట్టు. ఆ దినమున గంట మ్రోగుటచే సగము సమాధానమే చెప్పగలిగితిమి. తక్కిన సగమును ఈ పత్రిక మూలమున విద్యార్థులకును వారి తల్లిదండ్రులకును విన్నవింపదలచితిమి. తల్లిదండ్రులకు ప్రత్యేకముగ చెప్పవలసిన మాట యొకటి కలదు. అది మా యింట జరిగిన సంగతి. దానిని తగిన చోట చెప్పుదుము.

పూర్వుల వాడుక

గాయమునకు తేనె పూయుట ఒక్క మన దేశపు ఆచారము మాత్రమే కాదు. ఐగుప్తు దేశమున, క్రీస్తునకు పూర్వము సుమారు 1600వ సంవత్సరమునాటి వైద్యగ్రంథ మొకటి దొరకినది. పపైరస్ అను నీటిమొక్కతో చేసిన కాగితపు చుట్టపై అది వ్రాయబడియున్నది. 1862వ సంవత్సరమున లక్సరు పట్టణములో ఎడ్విన్ స్మిత్ అను అమెరికా దేశస్థుడు దానిని కొనినందున ఆయన పేరే ఆ గ్రంథమునకు నిలిచినది. జేమ్స్ హెన్రీ బ్రెస్టెడ్ అను పండితుడు దానిని ఆంగ్లభాషలోనికి తర్జుమా చేసి 1930లో ప్రకటించెను. అందు తల మొదలుకొని క్రిందికి క్రమముగ 48 విధములైన దెబ్బలును, వాని చికిత్సలును వర్ణింపబడినవి. తెగిన గాయమునకు మొదటి దినమున పచ్చి మాంసము కట్టి, మరునాటినుండి కొవ్వును తేనెను నారపీచుతో చేర్చి, మానువరకు ప్రతిదినమును కట్టవలెనని అందు పలుమారులు విధింపబడినది.

మన దేశమున సుశ్రుతసంహిత తేనెను ఎనిమిది తెగలుగా విభజించి, వాని గుణములను వేరువేరుగ చెప్పుచున్నది. గాయముల విషయమున తేనెకు మూడు పనులు కలవని ఆ గ్రంథము చెప్పును. శోధనము, అనగా పుండును శుభ్రపరచుట; సంధానము, అనగా తెగిన అంచులను కలుపుట; రోపణము, అనగా క్రొత్త కండ పెంచి మాన్పుట. అప్పుడే తగిలిన గాయమునకు తేనెయు నెయ్యియు కలిపి పూయుట ఆ వైద్యులకు సామాన్యమైన పద్ధతి. ఐగుప్తు వైద్యుడు కొవ్వును, మన వైద్యుడు నేతిని తేనెతో కలిపిరి. ఒకరి ముఖ మొకరు చూడని వీరిద్దరును ఒక్క త్రోవనే నడచుట ఆశ్చర్యము గదా!

పరిశుద్ధ గ్రంథమున తేనె మాట అనేక పర్యాయములు వచ్చును. వాగ్దానదేశము తేనెతో పోల్చబడినది. అలసియున్న యోనాతాను అడవిలో తేనె రుచిచూచి తెప్పరిల్లెను. బాప్తిస్మమిచ్చు యోహాను అడవి తేనె తిని బ్రదికెను. అయినను ఈ తావులన్నిటను తేనె ఆహారమే గాని గాయమునకు మందు కాదు. హిజ్కియా రాజు పుండునకు కట్టినది అంజూరపు పండ్ల ముద్ద. మంచి సమరయుడు దెబ్బలు తిన్నవాని గాయములలో పోసినది నూనెయు ద్రాక్షారసమును. లేని మాటను గ్రంథమునకు అంటగట్టుట గ్రంథమును గౌరవించుట కాదు గనుక ఈ సంగతి చెప్పితిమి.

మన తెలుగునాట కొండతేనె, పుట్టతేనె, జుంటితేనె యను పేర్లు పల్లె పిల్లలకందరకు తెలిసినవే. మన్యపు గిరిజనులు ఎత్తైన చెట్లనుండియు కొండచరియలనుండియు ప్రాణములకు తెగించి తేనె తీయుదురు. దళారుల చేతిలో వారు మోసపోకుండ వారి తేనెను, చింతపండును, ఇతర అటవీ ఫలసాయమును కొనుటకు 1956లో విశాఖపట్టణము కేంద్రముగ గిరిజన సహకార సంస్థ స్థాపింపబడినది. తేనెటీగలను పెట్టెలలో పెంచు విద్య దక్షిణదేశమున వ్యాపించుటకు క్రైస్తవ సేవకులును కొంత కారణము. తిరుచిరాపల్లి ప్రాంతమున న్యూటన్ అను ఫాదిరిగారు 1911 మొదలు 1917 వరకు అనేకులకు ఈ విద్య నేర్పిరి. మన దేశపు చిన్న యీగకు తగినట్లు ఆయన కూర్చిన పెట్టెకు న్యూటన్ పెట్టె యనియే పేరు.

తేనె యెట్లగును?

బాలిక ప్రశ్నకు సమాధానము తేనెటీగ పనిలోనే యున్నది. పువ్వునుండి ఈగ తెచ్చు మకరందము పలుచని తీపి నీరు. అందు సగముకంటె హెచ్చు భాగము నీరే. దాని నట్లే నిలువ చేసినచో రెండు మూడు దినములలో పులిసిపోవును. కావున ఈగ దానిని తన తేనెసంచిలో మోసికొని వచ్చి, పట్టునందలి ఈగలకు నోటినుండి నోటికి అందించును. అట్లు చేతులు మారునప్పుడు ఈగల తలయందలి గ్రంథులనుండి ఊరు కొన్ని ఎంజైములు అందు కలియును. పిమ్మట ఈగలు రేయింబవళ్లు రెక్కలతో విసరి నీటిని ఆర్చివేయును. నీటిపాలు నూటికి 18 ప్రాంతమునకు తగ్గిన తరువాత మైనపు మూతతో గదిని కప్పివేయును. తేనెలో నూటికి 80 పాళ్ల వరకు చక్కెరలే. వానిలో ఫ్రక్టోజు, గ్లూకోజు అనునవి ముఖ్యములు.

ఇప్పుడు విద్యార్థులు గమనింపవలసిన దేమనగా, ఈగ మన గాయములకొరకు తేనెను చేయుటలేదు. తన పిల్లల యాహారము నెలల తరబడి చెడకుండ నుండుటకై చేయుచున్నది. ఆహారమును క్రిములబారినుండి కాపాడు గుణము లేవో, అవియే గాయమును గూడ కాపాడుచున్నవి.

క్రిములు ఏల బ్రదుకవు?

మొదటి కారణము చిక్కదనము. వేసవిలో మీ తల్లులు మాగాయ పెట్టుట చూచియుందురు. మామిడి ముక్కలకు ఉప్పు పట్టించి జాడీలో ఉంచినచో, నీరు చుక్కయైనను పోయకున్నను, మూడవనాటికి జాడీ నిండ ఊట దిగును. ఆ ఊట ఎక్కడిది? ముక్కలలోని నీటిని వెలుపలి ఉప్పు లాగివేసినది. శాస్త్రజ్ఞులు దీనిని ద్రవాభిసరణ మందురు. ఉప్పునకువలెనే చిక్కని చక్కెరకును ఈ శక్తి కలదు. సూక్ష్మజీవి యనగా పలుచని పొర కప్పుకొనిన ఒకే యొక కణము. అది తేనెలో పడినయెడల మామిడి ముక్కవలె తనలోని నీటిని కోల్పోయి నిర్వీర్య మగును. చీమ సంగతి వేరు. దానికి గట్టి పెంకు కలదు. పైనుండి తీపి మోసికొనిపోవును. కావున చీమ బ్రదుకు చోట క్రిమియు బ్రదుకునని తలపరాదు. పలుచని పానకము క్రిములకు విందు. ముదురు పాకము వానికి మృత్యువు. పండుగనాటి పానకము మరునాటికే పులియుటయు, ముదురు బెల్లపు పాకము నెలలు నిలుచుటయు ఇందుచేతనే.

రెండవ కారణము పులుపు. తీపి చాటున దాగియుండుటచే నాలుకకు తెలియదు గాని తేనె ఆమ్లము. నీలి లిట్మసు కాగితమును కొంచెము నీరు కలిపిన తేనెలో ముంచినచో ఎర్రబారును. మన ప్రయోగశాలలో దీనిని మీరే చేసి చూడవచ్చును. పి.హెచ్. అను కొలతతో చెప్పినచో తేనె పులుపు సుమారు 3.2 మొదలు 4.5 వరకు ఉండును. చీము పట్టించు క్రిములలో అనేకములు ఇంత పులుపున వృద్ధి పొందజాలవు.

మూడవ కారణము అన్నిటికంటె విచిత్రమైనది. గాయమునుండి రసి ఊరుచుండును గనుక పూసిన తేనె కొంతసేపటికి పలుచబడును. పలుచబడిన తీపి క్రిములకు విందని ఇప్పుడే చెప్పితిమి. అట్లయిన తేనె బలము అప్పుడు పోవలెను గదా? పోదు. ఏలయనగా, ఈగ తన నోటినుండి కలిపిన ఎంజైములలో గ్లూకోజు ఆక్సిడేజు అనునది యొకటి కలదు. తేనె చిక్కగ నున్నంతకాలము అది నిద్రించుచున్నట్లుండును. తేనెకు నీరు తగులగానే అది పని నారంభించి, గ్లూకోజునుండి గ్లూకోనిక్ ఆమ్లమును, హైడ్రొజన్ పెరాక్సైడును పుట్టించును. ఈ హైడ్రొజన్ పెరాక్సైడు ఆసుపత్రిలో పుండ్లు కడుగుటకు వాడు, నురుగు పొంగు మందే. సీసాలోని మందు ఒక్కసారిగ ఘాటుగ తగిలి క్రిములతోపాటు క్రొత్త కండకును హాని చేయగలదు. తేనెలో పుట్టునది దానిలో వేయింట నొక వంతు మాత్రమే. కాని కొంచెము కొంచెముగ చాలసేపు పుట్టుచుండును. అనగా మందు సీసాలో లేదు, గాయముమీదనే తయారగుచున్నది.

ఈ సంగతి కనుగొనుటకు చాలకాలము పట్టినది. తేనెలో క్రిములను అణచునది యేదియో కలదని 1937లో డోల్డ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు గుర్తించి దానికి ఇన్హిబిన్ అని పేరు పెట్టెను. ఆ ఇన్హిబిన్ హైడ్రొజన్ పెరాక్సైడు తప్ప మరేమియు కాదని 1962-63 సంవత్సరములలో అమెరికా దేశపు జొనాథన్ వైట్ తన సహచరులతో కూడి నిరూపించెను. దీనినుండి గృహిణులు నేర్వదగిన పాఠ మొకటి కలదు. ఎంజైము వేడికి ఓర్వదు. కావున కాచి మరిగించిన తేనెకు తీపి మిగులును గాని ఈ మూడవ బలము మిగులదు.

నాలుగవ కారణము కొన్ని పువ్వుల తేనెలకే చెల్లును. న్యూజీలండు దేశమున మనూకా అను పొదపువ్వులనుండి వచ్చు తేనెలో హైడ్రొజన్ పెరాక్సైడును తొలగించినను క్రిములను చంపు శక్తి మిగిలియుండెనని వైకాటో విశ్వవిద్యాలయపు పీటర్ మోలన్ కనుగొనెను. ఆ శక్తికి మూలము మిథైల్ గ్లయాక్సాల్ అను పదార్థమని 2008లో జర్మనీలోని డ్రెస్డెన్ శాస్త్రజ్ఞులు తెలిపిరి. ఈ పదార్థము మనూకా తేనెలో ఉన్నంత యెక్కువగ అన్ని తేనెలలోను ఉండదు. కావున ఏ పువ్వు తేనె యైనను ఒక్కటే యనుట సరికాదు.

వీనికి తోడు మరియొక మేలు కలదు. గాయము ఎండి పక్కు కట్టినగాని మానదని మన పెద్దల నమ్మిక. 1962లో జార్జి వింటర్ అను శాస్త్రజ్ఞుడు పందుల చర్మముపై పరీక్షించి, తడి యారకుండ కప్పియుంచిన గాయమున క్రొత్త చర్మము త్వరగా అల్లుకొనునని చూపెను. తేనె గాయమును తడిగా నుంచును. కట్టు బట్ట గాయమునకు అంటుకొనకుండ చేయును. అందువలన కట్టు విప్పునపుడు పిల్లలకు బాధ తక్కువ.

వైద్యశాలలలో జరిగిన పరీక్షలు

కారణములు సరిగా నున్నంత మాత్రమున మందు పనిచేసినట్లు కాదు. రోగులయందు పరీక్షించి చూడవలెను. 1988లో నైజీరియా దేశపు శస్త్రవైద్యుడు ఎఫెమ్, ఇతర చికిత్సలకు లొంగని పుండ్లు గల 59 మందికి తేనె కట్టు కట్టి, వారిలో 58 మందికి గుణము కనిపించెనని ప్రకటించెను. అయితే పోల్చి చూచుటకు వేరు మందు పొందిన రోగు లందు లేరు.

ఆ లోపము లేని పరీక్ష మన పొరుగుననే జరిగినది. తెలుగు పద్మశాలి కుటుంబములు వేలాదిగ స్థిరపడి మగ్గములు నేయు షోలాపురమున, అచ్చటి వైద్యకళాశాలలో డాక్టరు ఎం. సుబ్రహ్మణ్యముగారు 104 మంది కాలిన రోగులను రెండు సమభాగములు చేసి, 52 మందికి తేనెయు, 52 మందికి ఆ కాలమున వాడుకలో నున్న సిల్వర్ సల్ఫాడయజీను అను పూతయు వాడి, ఫలితములను 1991లో ప్రకటించిరి. ఏడు దినములలో క్రిములు లేకుండ శుభ్రపడిన గాయములు తేనె వాడినవారిలో నూటికి 91, పూత వాడినవారిలో నూటికి 7. పదునైదు దినములలో మానినవి తేనె వాడినవారిలో నూటికి 87, పూత వాడినవారిలో నూటికి 10.

ఇంతటితో సంతోషించి ఊరకుండుట శాస్త్రము కాదు. సిల్వర్ సల్ఫాడయజీను పూత గాయము మానుటను ఆలస్యము చేయునని తరువాతి పరిశోధనలలో తేలినది. కుంటివానితో పందెము వేసి గెలిచినవానిని గొప్ప పరుగరి యనుటకు వీలులేదు గదా! కావున అనేక పరీక్షలను ఒక్కచోట చేర్చి తూచి చూడవలసి వచ్చెను. కోక్రేన్ అను పేర వైద్యపరీక్షలను విమర్శించు అంతర్జాతీయ సంఘమువారు 2015లో 26 పరీక్షలను, వానిలోని 3,011 మంది రోగుల ఫలితములను పరిశీలించిరి. వారి తీర్పు ఇది: చర్మము పైపొరలు మాత్రము కాలిన గాయములు సామాన్యమైన కట్లతోకంటె తేనెతో నాలుగైదు దినములు ముందుగ మానుచున్నట్లు కనబడుచున్నది. శస్త్రచికిత్స తరువాత చీము పట్టిన గాయములకును మేలు కనబడినది. తక్కిన పుండ్ల విషయమున నిశ్చయముగ చెప్పుటకు తగిన ఆధారము లేదు. న్యూజీలండులో కాళ్ల సిరలు చెడుటచే వచ్చిన పుండ్లు గల 368 మందిపై జరిగిన పెద్ద పరీక్షలో, పన్నెండు వారముల తరువాత చూడగా, తేనెవలన అదనపు మేలేమియు లేదని 2008లో తేలినది.

నాయనమ్మ మాట కొన్ని గాయముల విషయమున నిజము. అన్ని గాయముల విషయమున కాదు.

మా యింటి సంగతి

ఇప్పుడు తల్లిదండ్రులకు చెప్పదలచిన మాట. మేము పదేండ్ల బాలురమై యుండగా గంజి ఒలికి మా ముంజేయి కాలినది. మా తల్లిగారు కుండలోని చన్నీళ్లు చాలసేపు పోసి, పిమ్మట తేనె పూసి, ఉతికి ఎండబెట్టిన పాత చీరగుడ్డ కట్టిరి. మచ్చయైనను మిగులకుండ ఆ గాయము మానినది. నాటినుండి తేనెయందు మాకు గొప్ప నమ్మకము.

ముప్పది యేండ్లు గడచిన పిదప మా తల్లిగారి పాదమున తుమ్మముల్లు దిగినది. అప్పటికి ఆమెకు మధుమేహము వచ్చి చాలకాలమాయెను. ఆ వ్యాధిలో పాదముల స్పర్శ మందగించును గనుక ముల్లు దిగిన సంగతి ఆమెకు వెంటనే తెలియనే లేదు. తెలిసిన పిమ్మట, "నీ చేయి మానినట్లే నా కాలును మానును, నాయనా, ఆసుపత్రికి డబ్బు తగులబెట్టకుము" అనిరి. మేము చదువుకొనినవారము, శాస్త్రము బోధించువారము. అయినను మేమే స్వయముగ మంచి మన్యపు తేనె తెప్పించి, ప్రతి సాయంకాలమును కడిగి కట్టు కట్టితిమి. పైకి పుండు శుభ్రముగనే కనబడుచుండెను, నొప్పియు లేదు. నొప్పి లేకపోవుటయే కీడని మాకు తోచలేదు. మూడు వారములకు జ్వరము వచ్చి ఆసుపత్రికి తీసికొనిపోగా, లోపల చీము ఎముకవరకు పోయినదని వైద్యులు చెప్పిరి. రెండు వ్రేళ్లు తీసివేయవలసి వచ్చినది. వైద్యుడు మమ్ము నిందింపలేదు. "తేనె తప్పు లేదు, మాస్టరుగారూ, మూడు వారములు పోయినవి, అదియే తప్పు" అని మాత్రము అనెను. ఆ మాట నేటికిని మా చెవిలో నున్నది.

మధుమేహము అను పేరులోనే మధువు కలదు. మూత్రమున తీపి కలియుటచే పూర్వులు దానికి ఆ పేరు పెట్టిరి. ఈ వ్యాధిలో కాలి రక్తనాళములు సన్నబడి రక్తము సరిగా అందదు. నరములు మొద్దుబారి నొప్పి తెలియదు. పైన పూసిన తేనె పైనున్న క్రిములను చంపగలదు గాని, ఎముకను చేరిన చీమును అందుకొనజాలదు. మూసికొనిపోయిన రక్తనాళమును తెరువజాలదు. మా తల్లిగారు ఇప్పుడును మాతోనే యుండి, చేతికర్రతో గుడికి నడచి వచ్చుచున్నారు. మా తప్పును ఈ పత్రికలో వ్రాయుటకు సంతోషముగ అనుమతించినది ఆమెయే.

అంగడి తేనెను గూర్చి

ఆసుపత్రులలో గాయములకు వాడు తేనె అంగడిలోని తేనె కాదు. దానిని వడగట్టి, గామా కిరణములతో శుద్ధిచేసి, గొట్టములలోను కట్లలోను నింపుదురు. అమెరికా ప్రభుత్వపు ఔషధశాఖ ఇట్టి కట్లకు 2007లో అనుమతి నిచ్చినది. శుద్ధిచేయుట ఏల యనగా, సామాన్యపు తేనెలో కొన్ని క్రిముల బీజములు చావక నిద్రావస్థలో నుండగలవు. వానిలో బొట్యులిజము అను పక్షవాతమువంటి వ్యాధిని కలిగించు క్రిమి బీజములు ముఖ్యములు. పెద్దల కడుపులో అవి మొలకెత్తవు గాని పసిబిడ్డల ప్రేగులలో మొలకెత్తి విషము పుట్టించును. ఈ వ్యాధి శిశువులకు వచ్చునని 1976లో గుర్తింపబడినది. కావున మన యిండ్లలో పుట్టిన బిడ్డ నాలుకకు తేనె నాకించు ఆచారము ఎంత ప్రేమతో చేసినను మానవలసినదే. ఏడాది నిండని శిశువునకు తేనె పెట్టరాదు.

కల్తీ మరియొక చిక్కు. 2020 డిసెంబరులో ఢిల్లీలోని విజ్ఞాన పర్యావరణ కేంద్రమువారు అంగడిలో దొరకు 13 రకముల తేనెలను పరీక్షింపించగా, కల్తీని పట్టుటకు మిక్కిలి సూక్ష్మమైన పరీక్షలో 10 రకములు నెగ్గలేదు. నీటిలో చుక్క వేసి చూచుట, వత్తి ముంచి వెలిగించుట, కుక్క నాకునో నాకదో చూచుట మున్నగు ఇంటి పరీక్షలు నమ్మదగినవి కావు. చిక్కని చక్కెర పాకమును ఆ పరీక్షలలో నెగ్గగలదు. చలికాలమున తేనె పేరుకొనినంత మాత్రమున కల్తీ యనరాదు. మంచి తేనెయందును గ్లూకోజు గడ్డకట్టును.

ఇంట చేయదగినవి, చేయరానివి

ఒళ్లు కాలినచో మొదట చేయవలసినది తేనె పూయుట కాదు. కాలిన చోట చల్లని పారునీరు ఇరువది నిమిషముల పాటు పోయుట. మంచుగడ్డ, సిరా, పండ్లపొడి ముద్ద పెట్టరాదు. చిన్న కాలుడు, చర్మము గీరుకొనిన చిన్న దెబ్బ మొదలగువానిని శుభ్రమైన నీటితో కడిగిన పిమ్మట తేనె పలుచగ పూసి, ఉతికిన గుడ్డ కట్టి, దినమున కొకసారి మార్చవచ్చును. రెండు మూడు దినములలో ఎరుపు, వాపు, చీము, జ్వరము కనబడినచో ఇక ఆలస్యము చేయరాదు.

రోగి అరచేతికంటె పెద్దదైన కాలుడు, ముఖముపైనను కన్నుపైనను తగిలిన గాయము, లోతైన పోటు, ఎముక కనబడు దెబ్బ, ఇవి ఇంటి వైద్యమునకు తగినవి కావు. తుప్పు మేకు గాని, మట్టి అంటిన ముల్లు గాని గ్రుచ్చుకొనినచో ధనుర్వాతపు సూదిమందు ఎప్పుడు వేయించితిమో చూచుకొనవలెను. ఆ వ్యాధిని తేనె ఆపలేదు. కుక్క కరచినచో పదునైదు నిమిషములు సబ్బుతోను పారునీటితోను కడిగి, నాడే ఆసుపత్రికి పోవలెను. ఆ గాయమునకు తేనెయు వలదు, పసుపును వలదు. మధుమేహము గలవారి పాదమున సూదిమొన యంత గాయ మున్నను వైద్యునికి చూపవలెను. అట్టివారు ప్రతి రాత్రి తమ పాదములను చూచుకొనుటయో, చూపు తగ్గినచో పిల్లలచేత చూపించుకొనుటయో మంచిది. ఈ పని చేయుటకు మా విద్యార్థులు చాలుదురు. తాతకు, అమ్మమ్మకు చేయదగిన సేవలలో ఇదియు నొకటి.

ముగింపు

ఇక ఆ బాలికకు మా పూర్తి సమాధానము. అమ్మాయీ, మీ నాయనమ్మ మూఢురాలు కాదు. నాలుగువేల యేండ్లకు సమీపించిన అనుభవ మామె చేతిలో కలదు. ఆమె చేతికి తెలిసినదానికి కారణము నీవు బడిలో నేర్చుకొనుచున్నావు. కారణము తెలిసినవారికి హద్దును తెలియును. పూర్వులు చెప్పిరి గనుక అన్నిటికిని పనిచేయు ననుటయు, పూర్వులు చెప్పిరి గనుక పనికిరాదనుటయు రెండును సోమరితనములే. తేనె దొరకినవాడు మితముగ తినవలెనని సొలొమోను చేసిన హెచ్చరిక భోజనమునకు మాత్రమే గాక వైద్యమునకును చెల్లును.

మంచి సమరయుని కథను మా తరగతులలో ఏటేట చెప్పుచునే యున్నాము. కాని మా తల్లిగారి జబ్బు తరువాతనే అందలి యొక సంగతి మాకు కనబడినది. అతడు తనయొద్ద నున్న నూనెను, ద్రాక్షారసమును గాయములలో పోసి కట్టెను. అంతటితో తన పని ముగిసినదనుకొనలేదు. దెబ్బలు తిన్నవానిని తన వాహనముమీద ఎక్కించి, పూటకూళ్లయింటికి చేర్చి, ఖర్చునకు డబ్బిచ్చి, మరల వచ్చెదనని చెప్పి పోయెను. ఇంట నున్న మందు వేయుటయు ప్రేమయే. సమయమునకు మోసికొనిపోయి తగినవారి చేతిలో పెట్టుటయు ప్రేమయే. మొదటిది చేసి రెండవది మరచినవారి తప్పును మేము చేసితిమి. మా విద్యార్థుల యిండ్లలో అది జరుగకుండునుగాక.